తొట్టెల నాటికి బుచ్చి చేతులు

బుచ్చి నాకు తోడికోడలు, నా మరిది భార్య. నాకన్నా నాలుగేళ్లు చిన్నది. దానికిప్పుడు అరవై ఆరో, అరవై ఏడో. మమ్మల్ని కన్నవాళ్లు ఎక్కడా రాసిపెట్టలేదు కాబట్టి గట్టిగా చెప్పలేను. తొర్రూరుకు ఆటోలో పావుగంట దూరం మా ఊరు. నేను కొడకండ్ల నుంచి కోడలిగా వచ్చిన అయిదేళ్లకు అది వచ్చింది. మగవాళ్లిద్దరూ పోయారు. ఇండ్లు రెండయ్యాయి గానీ వాకిలి ఒక్కటే. పొద్దున లేస్తే దాని ముఖం నేను, నా ముఖం అది చూడక తప్పదు.

వంటలో బుచ్చిది చప్పటి చెయ్యి. ముగ్గు వేస్తే వంకరపోతుంది. లెక్కలు రావు. కానీ పసిపిల్లలకు నీళ్లు పోయడంలో దాని ముందు ఎవరూ నిలబడలేరు. పీట మీద కూర్చుని, రెండు కాళ్లు చాపి, పిల్లను కాళ్ల మీద బోర్లా వేసుకుంటుంది. నూనె రాసి, శనగపిండి రుద్ది, చెంబుతో నీళ్లు తన అరచేతిలో పోసుకుని అక్కడి నుంచి పిల్ల మీదికి జారవిడుస్తుంది. వేరేవాళ్ల చేతిలో గొంతు చించుకునే పిల్లలు దాని కాళ్ల మీద నిద్రపోతారు. ఎవరింట్లో కాన్పు అయినా మూడో నాటికల్లా బుచ్చి కోసం మనిషి వచ్చేది. ఇప్పుడు బండ్ల మీద రయ్యిన పోయే మగపిల్లల్లో సగం మంది దాని కాళ్ల మీద ఉచ్చ పోసినవాళ్లే.

ఆ చేతులే దానికి శత్రువులయ్యాయి. నలభై ఏండ్లు మిరప ఏరింది, పత్తి తీసింది, నాట్లు వేసింది, గిన్నెలు తోమింది. అరచేతులు పాత చెప్పు అడుగులా అయ్యాయి. వేళ్ల సందుల్లో పగుళ్లు, పగుళ్లలో నలుపు. కొంగు సర్దుకుంటే చీర దారం లేచి వచ్చేది. నా చేతులు కూడా అంతంత మాత్రమే గానీ, నేను పనిదొంగను కాబట్టి కొంచెం మిగిలాయి.

ఈ సంవత్సరం జనవరిలో దాని మనవరాలు సింధుకు ఆడపిల్ల పుట్టింది. బుచ్చి కొడుకు బిడ్డ సింధు. చిట్యాలలో ఇచ్చారు. మొదటి కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. మానుకోట దవాఖానాలో కాన్పయ్యి మూడో నాడు ఇంటికి తెచ్చారు. ఆ రోజు బుచ్చి సంబరం చూడాలి. నీళ్ల పొయ్యి తనే ముట్టించింది, పీట తనే కడిగింది. రెండు రోజులు పోసింది. అయిదో నాడు పిల్లను తుడుస్తుంటే, వీపు మీద సన్నగా ఎర్రటి గీతలు కనబడ్డాయి.

"బాపమ్మా, గిటు చూడు," అన్నది సింధు. "వీపు మీద గీతలు పడ్డయి."

"పిండి గరుకున్నదేమో బిడ్డా. రేపు జల్లెడ పడ్త."

"పిండి కాదు." సింధు బుచ్చి చెయ్యి పట్టుకుని తన చెంప మీద రాసుకుంది. "నాకే గీరుకుంటున్నది. దానిది ఇంకెంత లేత తోలు. రేపటి సంది అమ్మ పోస్తది తియ్యి."

నేను ఊరుకోలేదు. "నీకు పోసింది గీ చేతులే. అప్పుడు కందలేదుగాని నీ బిడ్డ ఒక్కతే కందిందా?"

"అప్పుడు బాపమ్మకు నలభై అయిదేండ్లు, పెద్దబాపమ్మా. గప్పటి చేతులు వేరు."

అమ్మాయి కోపంగా అని ఉంటే నా దగ్గర నాలుగు మాటలుండేవి. నెమ్మదిగా అన్నది, నిజం అన్నది. బుచ్చి గిన్నెలో మిగిలిన నీళ్లు పారబోసింది. పీటను గోడకు ఆనించింది.

మధ్యాహ్నం నా గడపలోకి వచ్చి కూర్చుంది. చేతులు రెండూ ఒడిలో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది.

"అక్కా, తొట్టెల నాటికి ఇవి మెత్తగైతయా?"

మా ఇండ్లలో ఇరవై ఒకటో నాడు పిల్లను తొట్టెలలో వేస్తారు. ఆ పొద్దున తల్లిగారింట్లో పెద్ద ఆడమనిషి పిల్లకు నీళ్లు పోసి, పొగ వేసి, గుడ్డలో చుట్టి అత్తగారింటి పెద్దామె ఒడిలో పెట్టాలి. ఆమె తొట్టెలలో వేస్తుంది. ఊర్లో ఎందరి పిల్లలనో అట్లా సిద్ధం చేసి, ఒడిలో పెట్టే ముందు పక్కకు తప్పుకునేది బుచ్చి. ఎందుకంటే ఆ ఇంటి పెద్ద వేరే ఉండేది. ఇప్పుడు తన ఇంటి పిల్ల, తనే పెద్ద. తను చేతులు కట్టుకుని నిలబడి, కోడలు రజని వణుకుతూ పోస్తుంటే చిట్యాల వాళ్లందరి ముందు చూడాలా? దానికి కావలసింది ఆ ఒక్క పొద్దు.

"పదిహేను రోజులున్నయి," అన్నాను. "తొర్రూరు పోదాం. మెత్తగ కాకపోతే అమ్మినోని చెంపకు రాసి వద్దాం."

మర్నాడు సింధుకు చెప్పకుండా ఆటో ఎక్కాం. మొదట కంగన్ హాలుకు పోయాం. గాజులు, రిబ్బన్లు, పౌడర్లు అమ్మే దుకాణం కదా, చేతుల సంగతి వాళ్లకే తెలుస్తుందనుకున్నాం. అక్కడి అమ్మాయి రంగురంగుల ట్యూబులు పరిచింది. ఒకటి గులాబీ వాసన, ఒకటి బత్తాయి వాసన. ఒకటి రాస్తే తెల్లగా అవుతారట.

"తెల్లగ వద్దు, మెత్తగ కావాలె," అన్నది బుచ్చి.

మూత తీసి వాసన చూసి వరుసగా మూడు తుమ్ములు తుమ్మింది.

"పసిపిల్లను ముట్టుకునే చేతికి గింత వాసన ఎందుకు? ఈగలు ముసరనీకా?" అన్నాను.

ఆ అమ్మాయి మంచిది. బుచ్చి చేతులు తిప్పి చూసి ట్యూబులన్నీ లోపల పెట్టేసింది. "అవ్వా, గింత పగిలినంక ఇవేం పనిచెయ్యవు. మెడికల్ షాపుల అడుగుండ్రి," అన్నది.

బస్టాండు దగ్గర మెడికల్ షాపులో ఉండేది రాజ్‌కుమార్ అనే అబ్బాయి. ముప్పై ఏండ్లుంటాయేమో. మాటకు ముందు నవ్వుతాడు. మూడు రకాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"గిది నీళ్లలెక్క పల్చగుంటది, లోషను. రాసిన అద్దగంటకు ఆరిపోతది. గిది వట్టి జిడ్డు, పైన కప్పినట్టుంటది, లోపలి తోలు మారదు. నీకు గిది మంచిది అవ్వా. గట్టి క్రీము, వాసన లేదు. దీంట్ల యూరియా ఉంటది."

బుచ్చి నా వైపు చూసింది.

"యూరియానా? ఊర్లె బస్తా దొర్కక పొద్దంత లైన్ల నిలబడుతున్నం. నువ్వు ట్యూబులల్ల నింపి అమ్ముతున్నవా?" అన్నాను.

"పొలంల ఏసేది కాదవ్వా," నవ్వాడు. "మొద్దుబారిన తోలును మెత్తగ చేస్తది. చేతులు కడుక్కొని, తడి పూర్తిగ ఆరకముందే రాయాలె. పండుకునేటప్పుడు మందంగ పూసి పాత సాక్సులు తొడుక్కో. పగుళ్లు పచ్చిగుంటే నాలుగు రోజులు సుర్రుమంటది, భయపడొద్దు. ఇంతకు ఏం పని చేస్తవు నువ్వు?"

బుచ్చి నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. "ఎందుకు, పెండ్లి సంబంధం తెస్తవా దానికి?"

షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. రాజ్‌కుమార్ కూడా నవ్వి ట్యూబును కాగితం కవరులో వేసి ఇచ్చాడు. ఆ నవ్వులో అతను అడిగిన మాట అట్లాగే పోయింది. నా జన్మలో నేనాడిన మాటల్లో వెనక్కి తీసుకోవాలనిపించేవి చాలా లేవు. ఇది ఒకటి.

బుచ్చి పట్టు పట్టింది. తొట్టెల దాకా మిరపకు రానని కోడలికి చెప్పేసింది. కాయ ఏరే మనుషులు దొరకని రోజులు, రజని ముఖం ముడుచుకుంది. గిన్నెలు తోమడం కూడా మానింది. రోజుకు నాలుగుసార్లు చేతులు కడగడం, తడి మీద రాయడం. రాత్రి కొడుకు సాక్సులు తొడుక్కుని పడుకునేది. తెల్లారి వాటితోనే వాకిట్లోకి వచ్చింది ఒకరోజు.

"చేతులకు సాక్సులేంది అత్తమ్మా?" అన్నది రజని. "వాటితోని నడుస్తవా?"

"కోతిలెక్క నాలుగు కాళ్ల మీద పోతది తొర్రూరుకు," అన్నాను నేను.

బుచ్చి నవ్వింది. మొదటి నాలుగు రోజులు పగుళ్లలో మంటకు పళ్లు బిగపట్టుకుంది. తర్వాత తోలు పొట్టులా లేచింది. దాని కింద గులాబీ రంగులో కొత్త తోలు వచ్చింది. పొద్దున రజని పిల్లకు నీళ్లు పోస్తుంటే గడపలో నిలబడి చూసేది, చేతులు కొంగు కింద దాచుకుని. పిల్ల ఏడ్చిన ప్రతిసారీ దాని మోకాళ్లు కదిలేవి. లోపలికి మాత్రం పోలేదు.

పద్దెనిమిదో నాడు నా పెట్టెలోంచి పెండ్లి పట్టుచీర తీయించింది. ఎడమ చెయ్యి దాని మీద పెట్టి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తీసింది. ఒక్క దారం లేవలేదు. మళ్లీ తీసింది. లేవలేదు. తర్వాత సింధు దగ్గరికి పోయి ఏమీ చెప్పకుండా అరచేయి దాని చెంపకు ఆనించింది.

సింధు కండ్లు పెద్దవి చేసింది. "ఏం రాసినవే బాపమ్మా? నా చేతుల కంటె మెత్తగున్నయి."

"తొట్టెల నాడు నేను పోస్త బిడ్డా."

"పొయ్యి. నిన్ను ఎవరొద్దన్నరు?"

ఆ రోజు బుచ్చి రెండుసార్లు అన్నం తిన్నది.

ఇరవయ్యో నాడు మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టింది. మా మిరపకాయలు ఊరి బయట కల్లంలో ఆరబోసి ఉన్నాయి. ఎర్రగా, ఫెళఫెళమంటూ, ఇంకో రెండు రోజుల్లో బస్తాలకెత్తాల్సినవి. తడిస్తే మచ్చ పడతాయి, ఎవరూ కొనరు. బుచ్చి కొడుకు బండి మీద వచ్చి వాకిట్లో నుంచే కేక వేశాడు. రజని పరుగెత్తింది. నేను టార్పాలిన్ పట్టా చంకన పెట్టుకుని బయల్దేరాను. వెనక్కి చూస్తే బుచ్చి కూడా వస్తోంది.

"నువ్వెందుకే? పో ఇంటికి," అన్నాను.

"ఏడాది పంట అక్కా," అన్నది.

అంతకుముందే అన్నం తిని, చేతులు కడుక్కుని, క్రీము రాసుకుంది. ఆ చేతులతోనే కల్లంలో వంగి, రెండు చేతులా కాయలను దగ్గరికి లాగింది, కుప్ప చేసింది, విరిగిన వాటిని గింజలతో సహా దోసిళ్లతో ఎత్తింది. గాలికి మిరప దుమ్ము లేచి మాకందరికీ దగ్గు. ఒక గంట పట్టింది. పట్టాలు కప్పి రాళ్లు పెట్టాక వాన నాలుగు చినుకులు పడింది. అంతే. మబ్బు మానుకోట వైపు పోయింది.

ఇంటికి వచ్చాక బుచ్చి ముందు బూడిదతో చేతులు తోమింది, తర్వాత సబ్బుతో, తర్వాత మజ్జిగతో. మాకు తెలిసిన కడుగుడు అంతా కడిగింది.

"మండుతుందా?" అని అడిగాను.

"లేదక్కా. మిరప నన్నెప్పుడు మండించింది?"

నిజమే. ఎన్ని మిరప సీజన్లలో ఆ చేతులతో పిల్లలకు నీళ్లు పోయలేదు? అప్పుడు అది రాయిలాంటి తోలు. ఘాటు పైపైనే ఉండి బూడిదకు పోయేది. ఇప్పటి తోలు వేరని, జిడ్డు ఘాటును లోపలికి తాగిస్తుందని, దాన్ని సబ్బు వదిలించలేదని మాకెవరు చెప్పారు? చెప్పేవాడు అడగనే అడిగాడు, ఏం పని చేస్తావని. ఎన్నేళ్లో మొద్దుబారి ఉన్న వేళ్లు కాబట్టి బుచ్చికి మంట కూడా తెలియలేదు.

"కడిగి కడిగి ఆరిపోయినయి. మళ్ల రాయి," అన్నాను. ట్యూబు నేనే నొక్కాను దాని అరచేతిలో.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికల్లా చిట్యాల వాళ్లు వచ్చారు. సింధు అత్త సుజాత చీరలు, గాజులు పళ్లెంలో పెట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. బుచ్చి కొత్త రవిక వేసుకుంది. పీట మీద కూర్చుని కాళ్లు చాపింది. సింధు తెచ్చి పిల్లను దాని కాళ్ల మీద పెట్టింది. వాకిలంతా చూస్తోంది. బుచ్చి నూనె చేతిలో పోసుకుని ముందు కాళ్లకు రాసింది, తర్వాత వీపుకు. పిల్ల కళ్లు మూసుకుంది. సుజాత తన పక్కనున్న ఆమెతో, "చూడు ఎట్ల పోస్తున్నదో, ఇట్లాంటోళ్లు ఇప్పుడేడున్నరు," అన్నది. నేను విన్నాను. బుచ్చి కూడా విన్నది.

తర్వాత పిల్లను వెల్లకిలా తిప్పి ముఖానికి నూనె రాసింది. నుదురు, ముక్కు, కండ్ల మీద.

పిల్ల ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. ఆ తర్వాత వచ్చిన ఏడుపు లాంటిది నేను ఇంతకుముందు వినలేదు. బుచ్చి కంగారుపడింది. ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టడానికి దానికి తెలిసింది ఒకటే, చెంపలు, కండ్లు, నుదురు మెల్లగా నిమరడం. నలభై ఏండ్లు ఆ నిమరడానికే పిల్లలు నిద్రపోయారు. నిమిరింది. ఏడుపు పెరిగింది. ఇంకా నిమిరింది. పిల్ల ముఖం కందగడ్డలా అయ్యింది.

సింధు లాక్కుంది. పిల్ల ముఖం తుడిచిన చెయ్యి తన కంటికి తగిలింది. కన్ను చికిలించి, "మిరప మంట," అన్నది. సుజాత లేచి, "చల్లటి నీళ్లు తేండ్రి, ఎక్కువ తేండ్రి," అని పిల్లను తన చేతుల్లోకి తీసుకుంది. అయిదు నిమిషాల్లో కారులో తొర్రూరు పిల్లల డాక్టరు దగ్గరికి పోయారు. పళ్లెంలో గాజులు అట్లాగే ఉన్నాయి. బుచ్చి పీట మీద కాళ్లు చాపుకునే ఉంది, కాళ్ల మీద ఎవరూ లేరు.

"లే," అన్నాను.

"ఏమైందక్కా? నేనేం చేసిన?"

నేను చెప్పాను. చెప్పేదాకా దానికి తెలియదు. విన్నాక అరచేతిని నాలుకతో తాకి చూసింది. ఉమ్మింది. అప్పుడు ఏడ్చింది.

మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. కండ్లు కడిగారట, ఏమీ కాలేదట, సాయంత్రానికి ఎరుపు కూడా పోతుందన్నాడట డాక్టరు. క్రీము రాసిన చేతులతో మిరప ముట్టుకుంటే రోజంతా ఘాటు వదలదని, ఆ చేతులతో పిల్లను ముట్టుకోవద్దని చెప్పి పంపాడట. పిల్లను సుజాతే తొట్టెలలో వేసింది. పాట ఎవరూ పాడలేదు. అన్నాలు మాత్రం అందరూ తిన్నారు.

బుచ్చిని ఒక్కరు కూడా తిట్టలేదు. తిడితే నేను తిరిగి తిట్టేదాన్ని, దానికీ నాకూ కొంత తేలికయ్యేది. సుజాత రజనిని పక్కకు పిలిచి, "ముసలామెను ఏమనకుండ్రి, తెల్వక చేసింది," అన్నది. అంతే మర్యాదగా, "మూడో నెల దాక ఉంచుదమనుకున్నం గని, రేపు తీస్కపోతం. మీకు మిరప పనులున్నయి, మాకు ఇంట్ల మనుషులున్నరు," అన్నది. రజని తల ఊపింది. ఇంకేం చేస్తుంది?

తప్పు నాదని నేను సుజాతకు చెప్పాను. క్రీము కొనిపించింది నేను, రాయమన్నది నేను, షాపతను అడిగితే వెకిలి మాట ఆడింది నేను. ఆమె ఓపికగా విని, "ఎవరిదైతే ఏంది పెద్దమ్మా, పిల్లకు గండం తప్పింది," అన్నది. ఆ మాటతో నా ఒప్పుకోలు కూడా దేనికీ పనికిరాకుండా పోయింది.

మర్నాడు కారు ఎక్కే ముందు సింధు పిల్లను తెచ్చి, "పట్టుకో బాపమ్మా," అని చాపింది. మంచి పిల్ల, మనసులో ఏమీ పెట్టుకోలేదు. బుచ్చి చేతులు వీపు వెనక్కి పెట్టుకుంది. "వద్దు బిడ్డా, ఎండల నిలబెట్టకు, ఎక్కు," అన్నది. నేను పక్కనే ఉన్నాను. పట్టుకోవే అందామనుకున్నాను. పట్టుకోమని చెప్పే ధైర్యం నాకు కూడా లేదు.

తర్వాతి వారం నుంచి బుచ్చి మళ్లీ మిరపకు పోతోంది. పై వీధిలో ఒక కోడలికి కొడుకు పుడితే పిలవడానికి మనిషి వచ్చింది. జ్వరమని చెప్పి పంపింది. ఆ తర్వాత ఎవరూ రాలేదు. తొట్టెల నాటి సంగతి ఊరికి తెలియకుండా ఉంటుందా?

నిన్న పొద్దున సింధు ఫోను చేసింది. రజని స్పీకరు పెట్టి వంట చేస్తోంది. బుచ్చి మిరపకు పోవడానికి సద్ది కట్టుకుంటోంది, నేను గడపలో ఉన్నాను. ఫోనులో వెనక నుంచి పిల్ల ఏడుపు వినబడింది. సుజాత నీళ్లు పోస్తోందని సింధు చెప్పింది.

బుచ్చి చేతిలో పని ఆపింది. తల వంచి విన్నది.

"రజనీ, నీళ్లు వేడున్నయి. గా ఏడుపు వేడికి ఏడ్సేది. జర చెప్పు."

రజని అత్త వైపు చూసింది, ఫోను వైపు చూసింది. "ఇయ్యాల ఏం కూర బిడ్డా?" అని అడిగింది సింధును.

"అక్కా, నువ్వన్న చెప్పు," అన్నది బుచ్చి. "వేడున్నయక్కా."

నేను లేచి ఫోను తీసుకున్నాను. "సింధూ," అన్నాను.

"చెప్పు పెద్దబాపమ్మా."

ఏడుపు ఇంకా వస్తోంది. సుజాత ఊ ఊ అని బుజ్జగిస్తోంది. మా ఇంటి నుంచి ఆ ఇంటికి, ఆమె కాళ్ల మీద ఉన్న పిల్లకు నీళ్లు ఎట్లా పోయాలో చెప్పడానికి ఇప్పుడు మాకు ఏ ముఖం ఉంది?

"పిల్ల మంచిగున్నదా?" అని అడిగాను.

"మంచిగున్నది. నిన్ననే తూకం చూసినం, పెరిగింది."

బుచ్చి నా నోటి వైపే చూస్తోంది. నేను ఇంకో మాట కోసం వెతికేలోపు అక్కడ నీళ్లు పోయడం అయిపోయినట్టుంది, ఏడుపు ఆగింది.

"ఆగింది," అన్నది బుచ్చి. సద్ది మూట కట్టుకుని ఆటో కోసం రోడ్డు మీదికి పోయింది.